వెనక తలుపుకు స్తోత్రం

స్పెయిన్‌లోని సాలమాంకా గోడల నిండా ఎర్రని రాతలు. పట్టా పుచ్చుకున్న పండితుల పేర్లు, పక్కనే గెలుపు గుర్తు. ఒకప్పుడు ఆ రంగులో ఎద్దు నెత్తురు కలిపేవారట. లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సో 1218లో నెలకొల్పిన విశ్వవిద్యాలయం అది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ పసుపుపచ్చ రాయి పొద్దువాలే వేళకి బంగారమై మెరుస్తుంది. స్పానిష్ చదువా, నిన్ను కొలవ వచ్చినవాళ్లు ముందుగా ఆ గోడల కిందే తలెత్తి నిలబడతారు.

నేను నిన్ను ఇంకో చోట వెతుక్కుంటాను. ఆ ఊరి పాత కెథెడ్రల్‌లో సాంతా బార్బరా పేరిట చిన్న ప్రార్థనాలయం ఒకటుంది. పరీక్షకు ముందు రాత్రి విద్యార్థిని అందులో ఒంటరిగా ఉంచేవారు. బిషప్పు సమాధి రాతికి పాదాలు ఆనించి, దీపం వెలుగులో తెల్లవార్లూ చదువుకునేవాడు. పొద్దున్నే పండితుల ముందు నెగ్గితే పెద్ద ద్వారం, ఊరేగింపు, విందు. తప్పితే బండ్లు వచ్చిపోయే వెనక తలుపు.

ఆ వెనక తలుపుకు నా మొదటి నమస్కారం. నీ సిలబస్‌లో నాకు ప్రాణమైన పేర్లు చాలామటుకు ఆ దారిన నడిచినవే. కొందరిని అసలు పరీక్ష దాకా రానిచ్చినవాళ్లే లేరు.

తోర్మెస్ నది ఒడ్డున పుట్టిన లాసరీయో సంగతే చూడు. విశ్వవిద్యాలయం గట్టు మీద ఉంది, పిల్లాడు గట్టు కింద ఉన్నాడు. పైన లాటిన్‌లో తర్కం నడుస్తోంది. కింద వంతెన దగ్గర గుడ్డి బిచ్చగాడు రాతి ఎద్దుకు చెవి ఆనించి వినమంటాడు, లోపల చప్పుడు వినిపిస్తుందంటాడు. నమ్మి చెవి ఆనించిన పిల్లాడి తలను ఆ రాతికేసి మోదుతాడు. చదువంటే ఏమిటో వాడికి అక్కడే తెలిసింది. వాడి కథ అచ్చయిన 1554 నాటి ప్రతుల్లో రచయిత పేరు లేదు. అయిదేళ్లకు చర్చి నిషేధించిన ఆ పుస్తకం ఇవాళ ఎక్కడ స్పానిష్ సాహిత్యం చదివినా తొలి మెట్టు. పేరు దాచుకున్న మహానుభావుడా, నీకు దండం. ఎర్రరంగు గోడకు నువ్వేమీ బాకీ లేవు.

సెర్వాంతెస్ విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకున్న దాఖలా లేదు. 1571లో లెపాంతో సముద్రయుద్ధంలో ఎడమ చెయ్యి చచ్చుబడింది. ఇంటికి తిరిగొస్తుంటే ఓడ దొంగలు పట్టుకున్నారు. అల్జీర్స్‌లో అయిదేళ్లు బందీ, పారిపోవాలని చూసిన ప్రతిసారీ పట్టుబడ్డాడు. తర్వాత పన్నుల వసూలు, లెక్కల్లో తేడాలు, సెవీయా జైలు. ఆ మనిషి 1605లో దోన్ కిహోతేని లోకం మీదకి వదిలాడు. వదులుతూ రాసిన ముందుమాటలో పుస్తకం నిండా పండితుల పేర్లు, లాటిన్ ముక్కలు, అకారాది పట్టికలు దట్టించే రచయితల్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఇప్పుడు ఆయన మీద పీహెచ్‌డీలు చేసేవాళ్లం ఆ ముందుమాటకే ఫుట్‌నోట్లు రాస్తున్నాం. ఆయన వింటే ఏమనుకుంటాడో గానీ మా గైడ్లు మాత్రం ఫుట్‌నోట్లు చాల్లేదంటారు.

నీ వ్యాకరణానికీ నమస్కారం, కాస్త దూరం నుంచే. 1492లో సాలమాంకాలోనే నెబ్రిహా తొలి కాస్తీయా వ్యాకరణం అచ్చు వేయించి ఇసబెల్ రాణికి సమర్పించాడు. భాష ఎప్పుడూ సామ్రాజ్యం వెంట నడిచిందని ముందుమాటలో ఆమెకు విన్నవించాడు. అదే ఏడు కొలంబస్ ఓడలు కదిలాయి. మేం మాత్రం సామ్రాజ్యాల గొడవ తర్వాత చూసుకుందామని మొదటి సెమిస్టర్‌లో క్రియారూపాల కింద నలిగిపోతాం. తెలుగువాళ్లకు నీ దగ్గర ఒకటి రెండు సుఖాలున్నాయి. నీ అచ్చులు అయిదూ మా నోటికి ఇంటి అచ్చులే. మా పలకల మీంచి ఏనాడో దిగిపోయిన బండి ఱ నీ మాటల్లో గంటలు కట్టుకుని మళ్లీ పరుగు తీస్తుంది. ఉత్తరాది సహాధ్యాయులు నాలుక తిప్పలేక తంటాలు పడుతుంటే మేం కాలర్ ఎగరేస్తాం. ఆ గర్వం సంశయార్థక రూపాలు వచ్చేదాకానే. జరిగినదాన్ని చెప్పే క్రియ ఒకలా నడుస్తుంది. కోరుకున్నా, భయపడినా, అనుమానించినా, వేడుకున్నా అది వెంటనే వేషం మారుస్తుంది. మనసులో ఉన్నదీ లోకంలో ఉన్నదీ ఒకటి కావని నువ్వు ప్రతి వాక్యంలోనూ పట్టి చూపిస్తావు. ఈ ఒక్క క్రమశిక్షణ కోసమైనా నీ దగ్గర ఎం.ఏ. చదవొచ్చు.

ఇక కవయిత్రి సోర్ హువానా. ఇక్కడ కాసేపు ఆగాలి, నన్ను తొందర పెట్టకు.

మెక్సికోలో రెండు అగ్నిపర్వతాల నీడన నెపాంత్లా అనే పల్లెలో, పదిహేడో శతాబ్దం నడుమ పుట్టింది. తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. మూడేళ్ల వయసులో అక్క వెంట బడికి పోయి, నాకూ నేర్పమని అమ్మ పంపించిందని పంతులమ్మకు అబద్ధం చెప్పి అక్షరాలు నేర్చుకుంది. ఆరేడేళ్లకు, రాజధానిలో విశ్వవిద్యాలయం ఉందని విని, మగపిల్లాడి బట్టలు కట్టి నన్నక్కడికి పంపమని తల్లిని సతాయించింది. తల్లి ఒప్పుకోలేదు. తాతగారి పుస్తకాల మీద పడింది. లాటిన్ నేర్చుకునేటప్పుడు జుట్టు కత్తిరించుకుని, అది మళ్లీ ఇంత పెరిగేలోగా ఫలానా పాఠం రాకపోతే ఇంకోసారి కత్తిరించుకోవాలని తనకు తానే శిక్ష వేసుకుంది. బుర్రలో ఏమీ లేని తలకు అంత జుట్టు ఎందుకని ఆమె వాదన.

పెళ్లి వద్దనుకుంది. మఠంలో చేరింది. అక్కడ ఆమె గదిలో పుస్తకాలు, వాద్యాలు, శాస్త్ర పరికరాలు. ఓ బిషప్పు ఆడపేరు పెట్టుకుని, ఈ లౌకిక చదువులు తగ్గించుకో అమ్మా అని ఉత్తరం రాశాడు. 1691లో ఆమె జవాబిచ్చింది. అది జవాబు కాదు, కోట గోడ. వంటింట్లో గుడ్డు నూనెలో గట్టిపడటం, పాకంలో విడిపోవడం చూసి తానెన్ని ప్రకృతి రహస్యాలు తెలుసుకుందో చెప్పింది. అరిస్టాటిల్ గరిటె పట్టి ఉంటే ఇంకా ఎక్కువ రాసేవాడని చురక వేసింది. పూర్వం చదువుకున్న స్త్రీల పేర్లు వరుసపెట్టి చదివింది. రెండు మూడేళ్లు తిరిగేసరికి పుస్తకాలు చేజారాయి, మౌనం కమ్మింది. 1695లో మఠంలో అంటురోగం వస్తే తోటి సన్యాసినులకు సేవ చేస్తూ తానూ పోయింది. ఆమె మౌనం మనసారా వచ్చిందా, మెడ వంచి తెప్పించిందా అన్న తగువు మా తరగతిలో ఏటా మొదలవుతుంది, ఏ ఏడూ తెగదు. మెడ వంచారనే నా పక్షం. తల్లీ, విశ్వవిద్యాలయం నిన్ను రానివ్వలేదు. ఇప్పుడు నువ్వు లేని స్పానిష్ సిలబస్ ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఉంటే దాన్ని చింపెయ్యాలి.

కత్తితో వచ్చిన భాషవని నాకు తెలుసు. తెలిసే మొక్కుతున్నాను. పెరూలో గువామన్ పోమా అనే ఆదివాసి నీ మాటలే నేర్చుకుని, వాటిలో తన కెచువా మాటలు కలిపి, స్పెయిన్ రాజుకు ఉత్తరం రాశాడు. దాదాపు పన్నెండు వందల పేజీల ఉత్తరం, నాలుగు వందల దాకా బొమ్మలు. దొరలు, పాద్రీలు తన జనాన్ని ఏమేం చేశారో పేజీ పేజీకీ గీసి చూపించాడు. 1615 ప్రాంతంలో పూర్తయింది. రాజు చదివిన జాడ లేదు. 1908లో కోపెన్‌హాగన్ రాచ గ్రంథాలయంలో ఓ పండితుడి కంటబడింది. అందులో వాక్యాలు నెబ్రిహా నియమాలకు లొంగవు. గ్రామర్ పేపర్‌లో ఆ పెద్దాయనకు పాస్ మార్కులు రావు. సామ్రాజ్యం పంపిన భాషను సామ్రాజ్యం ముందే సాక్షిగా నిలబెట్టిన చేతికి నా నమస్కారం.

నల్లబల్ల మీద పేర్లు రాసుకుంటూ పోతే ఇంకా ఉన్నాయి. పైచదువు లేకుండానే పల్లె బడుల్లో పాఠాలు చెప్పి, 1945లో లాటిన్ అమెరికాకు తొలి సాహిత్య నోబెల్ తెచ్చిన గాబ్రియెలా మిస్త్రాల్. టైర్లు అమ్ముతూ మెక్సికో ఊళ్లన్నీ తిరిగిన హువాన్ రుల్ఫో, ఆయన రెండు సన్నని పుస్తకాలు. లావుపాటి నవలల మీద సెమినార్లు సాగుతూనే ఉంటాయి గానీ, రుల్ఫో చచ్చినవాళ్ల చేత మాట్లాడించిన ఆ ఊరు ఒక్కటీ నా మట్టుకు వాటన్నిటి బరువు తూగుతుంది.

ఓరివెలా మేకల కాపరి, కవి మిగెల్ ఎర్నాందెస్‌కు వద్దాం. పదిహేనేళ్లకు అటూ ఇటూగా తండ్రి చదువు మానిపించి మేకల వెంట తోలాడు. ఆ కుర్రాడు పాలు పితికి ఇంటింటికీ పోసి, మంద మేస్తుండగా కొండ వాలులో పాత మహాకవుల్ని చదువుకున్నాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన నిలబడ్డాడు. ఓడినవాళ్లతో జైలు పాలయ్యాడు. పాలిచ్చే తల్లికి రొట్టె, ఉల్లిపాయ తప్ప తిండి లేదని భార్య ఉత్తరం రాసింది. పసివాడి కోసం జైల్లోంచి జోలపాట రాసి పంపాడు, ఉల్లిపాయల జోల. మన జోలల్లో వటపత్రశాయి ఊగుతాడు, ఆ జోలలో ఆకలి ఊగుతుంది. 1942 మార్చిలో అలికాంతె జైల్లో క్షయతో పోయాడు. వయసు 31.

వెనక తలుపులోంచి వెళ్లగొట్టినవాళ్ల గురించే చెబుతున్నాను. ఆ తలుపు తెరుచుకుని విశ్వవిద్యాలయమే బయటికి నడిచొచ్చిన ముచ్చట ఒకటుంది. 1932 వేసవి. మద్రిద్ విద్యార్థులు నీలం పనిబట్టలు తొడుక్కుని, లారీలో చెక్కలూ తెరలూ వేసుకుని పల్లెలకు బయల్దేరారు. ఆ నాటక బృందం పేరు లా బర్రాకా. నడిపించింది ఫెదెరీకో గార్సియా లోర్కా. జులైలో బుర్గో దె ఓస్మా అనే ఊళ్లో తొలి ప్రదర్శన. ఊరి చావడి ముందు వేదిక బిగించేవాళ్లు, టికెట్ లేదు, నటులకు జీతం లేదు. సెర్వాంతెస్ పొట్టి ప్రహసనాలు, లోపె దె వేగా, కాల్దెరోన్. కాల్దెరోన్ నాటకంలో నీడ పాత్రలో లోర్కా తానే నల్లటి వేషంతో వచ్చేవాడు. దుర్మార్గుడైన దొరను చంపి, హంతకుడెవరని ఎంత హింసించినా ఊరంతా ఒక్క పేరే, తమ ఊరి పేరే చెప్పే నాటకం ఫువెంతె ఒవెహూనా. దాన్ని ఆ కాలపు రైతుల బట్టల్లో ఆడించాడు, రాజూ రాణీ వచ్చి తీర్పు చెప్పే ఘట్టం తీసేశాడు. తీర్పు ఊరే చెప్పుకోనీ అన్నట్టు. చదువు రాని రైతులు మూడు వందల ఏళ్ల నాటి పద్యాలు ఊపిరి బిగబట్టి విన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1936 ఆగస్టులో, గ్రనాదా శివార్లలో లోర్కాను కాల్చి చంపారు. ఆయన ఎముకలు నేటికీ దొరకలేదు. లారీ ఎక్కిన ఆ పిల్లల అటెండెన్స్ సంగతి ఏ ప్రొఫెసరూ అడగలేదనుకుంటాను. అడిగి ఉంటే మాత్రం ఆయన్ని క్షమించలేను.

నిన్ను చదవడానికి మేం సముద్రం దాటనక్కర్లేదు. తార్నాకలో ఇఫ్లూ విశ్వవిద్యాలయం చెట్ల కింద జెరాక్స్ కాగితాలు పట్టుకుని నీ పద్యాలు వల్లెవేసేవాళ్లు ఉన్నారు. అనంతపురం కథ ఇంకా వేరు. బార్సెలోనాలో పుట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరువు నేలకు వచ్చాడు, 2009లో అక్కడే మట్టిలో కలిశాడు. ఆయన పెట్టిన సంస్థ పల్లె పిల్లలకు విదేశీ భాషల బడి నడుపుతోంది, అందులో నువ్వూ ఉన్నావు. వేరుశనగ చేలల్లోంచి వచ్చిన పిల్ల నీ భూతకాలాలు తప్పుల్లేకుండా చెబుతుంటే లాసరీయో వింటే బాగుండుననిపిస్తుంది. వాడికి వంతెన దగ్గర దొరకని బడి ఇది.

విశ్వవిద్యాలయాలకు కూడా సిగ్గు ఉంటుందని నువ్వే నేర్పావు. కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. సోర్ హువానా బతికి, చచ్చిపోయిన ఆ మఠమే మెక్సికో నగరంలో ఇప్పుడు విశ్వవిద్యాలయం. పేరు కూడా ఆమెదే. ఆడపిల్లలు మగవేషం వెయ్యకుండానే వెళ్లి చదువుకుంటున్నారు. మిగెల్ ఎర్నాందెస్ పేరు మీద 1996లో ఎల్చేలో మరో విశ్వవిద్యాలయం పుట్టింది. దాని క్యాంపస్ ఒకటి ఓరివెలాలో, ఆయన్ని తండ్రి బడి మానిపించిన ఊళ్లోనే ఉంది. అక్కడ వ్యవసాయ ఇంజనీరింగ్ నేర్పుతారు. పట్టా మీద మేకల కాపరి పేరు అచ్చువేసి ఇస్తారు.