పిహెచ్.డి. ప్రవేశ ప్రకటన – పరిశోధన సమస్య: ఒక పరిశీలన

విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు రంగాలలో పరిశోధన చేయదలచిన విద్యార్థికి విశ్వవిద్యాలయంతో తొలి పరిచయం సాధారణంగా పిహెచ్.డి. ప్రవేశ ప్రకటన ద్వారానే కలుగుతుంది. అర్హతలు, రుసుము, గడువు తెలిపే కార్యాలయ పత్రంగానే దానిని చూడడం పరిపాటి. అయితే ఎవరు పరిశోధకులు కాగలరో, ఏ సమస్యపై పనిచేయగలరో నిర్ణయించడంలో ఆ పత్రం చెప్పినదానికీ, చెప్పక విడిచినదానికీ పాత్ర ఉంది. అందువల్ల దానిని ఒక రచనగా విమర్శకు పెట్టవలసి ఉంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబరులో వెలువరించిన నిబంధనల ప్రకారం సీట్ల సంఖ్య, విషయాలవారీ విభజన, ప్రవేశ ప్రమాణాలు ప్రకటనలో ఉండాలి. ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4గురికి మించి పర్యవేక్షించరాదు. అంటే ప్రతి ఖాళీ వెనుక ఒక పర్యవేక్షకుడు, ఒక ప్రయోగశాల ఉన్నట్లే. ‘రసాయనశాస్త్రం – 6 ఖాళీలు’ అని రాసినపుడు ఆ సంబంధం చెరిగిపోతుంది. ఉత్ప్రేరకాలపై పనిచేసే ప్రయోగశాలకూ, ఔషధ సంశ్లేషణ చేసే ప్రయోగశాలకూ తేడా కనబడదు. పర్యవేక్షకుల పేర్లు, వారి విద్యార్థుల పరిశోధనాంశాలు వెబ్‌సైటులో ఉంచాలన్న నియమం మంచిదే. కాని అది ఇప్పటికే చేరినవారి పనిని తెలుపుతుంది. చేరబోయేవారికి మిగిలిన సమస్యను తెలుపదు.

ఈ మౌనం వల్ల కలిగే నష్టం అందరికీ సమానం కాదు. ప్రాంగణంలోనే ఎమ్మెస్సీ చదివినవారు వివరాలను సీనియర్లను అడిగి తెలుసుకొంటారు. శ్రీకాకుళంలోనో, ఆదిలాబాదులోనో అనుబంధ కళాశాలలో చదివినవారికి ఆ దారి లేదు. జీవనభృతి విషయమూ ఇంతే. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు కాగా, కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నెట్‌తో నిమిత్తం లేని ఫెలోషిప్పు 8,000 రూపాయలుగా ఉంటూ వచ్చింది. జె.ఆర్.ఎఫ్. రాని అభ్యర్థుల నెట్ మార్కులు ప్రవేశానికి ఒక్క సంవత్సరమే చెల్లుతాయని యు.జి.సి. 2024లో ప్రకటించింది. సరైన ప్రయోగశాలను వెదికేలోపే ఆ గడువు ముగియవచ్చు.

ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్కుల ప్రకటనలు ఇందుకు భిన్నమైనవి. పరిశోధనాంశం, పర్యవేక్షకుడు, సంస్థ ముందే తెలుస్తాయి. చేరినవారికి ఉద్యోగ ఒప్పందంపై వేతనం లభిస్తుంది. అయితే ఆ పద్ధతిని యథాతథంగా ఆదర్శంగా స్వీకరించలేము. సమస్యను ముందే నిర్ణయించడం వల్ల విద్యార్థి స్వేచ్ఛ కుదించుకుపోతుంది. ఎంపికలో సిఫారసు లేఖలకు బలం పెరుగుతుంది. నెట్, గేట్ వంటి ఉమ్మడి పరీక్షలు, రిజర్వేషన్ నియమాలు పరిచయాలు లేనివారికి తెరిచి ఉంచిన ద్వారాలు. వాటిని వదులుకోనవసరం లేదు.

ఖాళీల పట్టిక పక్కనే ప్రతి పర్యవేక్షకుడు చేపట్టదలచిన సమస్యను రెండు వాక్యాలలో తెలిపి, అందుబాటులోని పరికరాలను, నిధుల ఆధారాన్ని, వాటి కాలపరిమితిని చేర్చితే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఇందుకు కొత్త నిబంధన అక్కరలేదు. అభ్యర్థులకు అవసరమైన ఇతర సమాచారమంతా ఇవ్వాలని ఉన్న నిబంధనలే చెబుతున్నాయి. పరిశోధన సమస్యను ఆ ‘ఇతర సమాచారం’లో మొదటిదిగా గుర్తించడమే విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని.