మచ్చ చూసి జత కుదిర్చితే

డాల్మేషియన్ కుక్కపిల్ల పుట్టినప్పుడు ఒళ్లంతా తెల్లగా ఉంటుంది. పదీ పన్నెండు రోజులు గడిచాక పలచటి బొచ్చు కింద ఒక్కొక్క మచ్చా బూడిద నీడలా తేలుతుంది. ఆ మచ్చ గుండ్రంగా, అంచు స్పష్టంగా, పక్కదానితో కలిసిపోకుండా రావాలి. రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పుంటే మేలు. కెన్నెల్ క్లబ్బుల ప్రమాణంలో ఈ జాతికి ఆనవాలు ఇదే. జత కుదిర్చే బ్రీడర్లు తరతరాలుగా ముందు చూసిందీ ఇదే.

లోపలి సంగతి వేరు. మిగతా కుక్కల్లో కాలేయం యూరిక్ ఆసిడ్‌ను నీళ్లలో తేలిగ్గా కరిగే అల్లంటాయిన్‌గా మారుస్తుంది. డాల్మేషియన్ కాలేయంలోనూ అందుకు కావలసిన ఎంజైమ్ ఉంది. కానీ యూరిక్ ఆసిడ్‌ను కణంలోకి చేరవేసే ప్రోటీనే పనిచేయదు: పొయ్యి మండుతూనే ఉంటుంది, కట్టెలు గడప దాటవు. మూత్రపిండాలు కూడా దాన్ని తిరిగి పీల్చుకోలేవు. అలా మూత్రంలో చేరిన ఆసిడ్ కొన్ని కుక్కల్లో రాళ్లు కడుతుంది. ఆడకుక్కకు చిన్న రాళ్లు బయటికి పోతాయి. మగదాని మూత్రనాళం సన్నం, పైగా అంగంలోని ఎముక గాడి గుండా సాగాలి, అందుకే రాయి అక్కడ ఇరుక్కుంటుంది. స్తంభం దగ్గర కాలెత్తి, ముక్కి, చుక్క రాక, మరో స్తంభం దగ్గర మళ్లీ కాలెత్తే కుక్కను చూసి అది దాని అలవాటేలే అనుకునేవాళ్లుంటారు. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

మంచి కుక్కను ఏరుకుని జత కట్టిస్తే తీరే లోపం కాదిది. ఏరుకోవడానికి జాతిలో మంచి జన్యువే మిగల్లేదు. అందుకే 1973లో అమెరికా జన్యు శాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక పాయింటర్ జాతి కుక్కతో డాల్మేషియన్‌ను కలిపాడు. ఆ తర్వాత ప్రతి తరంలోనూ యూరిక్ ఆసిడ్ తక్కువున్న పిల్లను ఉంచుకుని తిరిగి డాల్మేషియన్‌కే జత చేశాడు. ఒక్కో తరానికి పాయింటర్ వాటా సగమవుతుంది. మొదటి సంకరం తర్వాత ఇలా ఐదుసార్లు చేస్తే మిగిలేది 64వ వంతు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కల పేర్లు నమోదు చేసింది. డాల్మేషియన్ క్లబ్ సభ్యులు అభ్యంతరం చెప్పడంతో తలుపు మూసుకుంది. అది మళ్లీ తెరుచుకున్నది 2011లో. బ్రిటన్ ఏడాది ముందే ఒప్పుకుంది. ఈలోగా 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు కారణమైన జన్యువును పట్టుకున్నారు కాబట్టి బుగ్గలోపల దూది పుల్ల తిప్పి పరీక్షకు పంపితే సరిపోతోంది. ఒక్క జన్యువుకు 38 ఏళ్లు పట్టడం సిగ్గుపడాల్సిన విషయమే.

అయితే అభ్యంతరపెట్టినవాళ్లది ఉత్త మొండితనమని తీసిపారేయలేం. ఆసిడ్ తక్కువున్న కుక్కల్లో మచ్చలు కాస్త చిన్నవిగా, అంచులు చెదిరి వస్తున్నాయని వాటిని పెంచినవాళ్లే చెప్పారు. పెద్ద మచ్చ కోసం ఏరుకుంటూ పోయిన బ్రీడర్లు, తెలియకుండానే చెడు జన్యువునూ జాతి అంతటా నింపారన్న ఊహకు ఇదే ఆధారం.

చెవుడు మరో చిక్కు. అమెరికాలో పరీక్షించిన డాల్మేషియన్లలో దాదాపు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో వినపడవు. లోపలి చెవిలో రంగు కణాలు లేకపోవడం దీనికి కారణం. పుట్టుకతోనే పెద్ద నల్ల పట్టీ ఉన్న పిల్లల్లో చెవుడు తక్కువ, నీలికళ్ల వాటిలో ఎక్కువ. అమెరికా ప్రమాణం మాత్రం పట్టీ ఉన్నదాన్ని పోటీకే పనికిరాదంటుంది. నీలికన్నును బ్రిటన్ తప్పుపడుతుంది, అమెరికా అనుమతిస్తుంది. ఒకే జాతికి రాసుకున్న నియమాల్లో ఒకటి చెవిని కాపాడితే ఇంకొకటి చెరుస్తోంది.

వినికిడి పరీక్షలో ఐదు వారాలు దాటిన పిల్ల తలమీద సన్నటి సూదులు గుచ్చి, చెవిలో టక్‌టక్ శబ్దం వినిపించి, మెదడు స్పందనను తెరమీద చూస్తారు. ఒక చెవి వినపడే పిల్ల ఇంట్లో మామూలుగానే తిరుగుతుంది, పిలిస్తే వస్తుంది. మచ్చలు బాగుంటే షోలో బహుమతీ కొట్టగలదు. ఆ చెవి సంగతి రింగులో జడ్జికి తెలిసే దారి లేదు. పరీక్ష కాగితం బ్రీడర్ దగ్గరే ఉంటుంది, మరుసటి ఈతకు ఆ కుక్కను వాడాలా వద్దా అన్నదీ అతని చేతిలోనే ఉంటుంది.