హుక్కాకు ఒక చిట్టా

పొగాకు సామాను సేకరణ అంటే హుక్కాలు, చిలుములు, చెక్క పైపులు, చుట్టల పెట్టెలు, నశ్యం డబ్బీలు, సిగరెట్ ప్యాకెట్లు, బీడీ కట్టల లేబుళ్లు, వాటిని కొన్నప్పటి రసీదులు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇచ్చి, అది దేనితో చేసిందో, ఎవరి నుంచి ఎలా వచ్చిందో, ఇప్పుడు ఏ స్థితిలో ఎక్కడ ఉందో రాసి ఉంచే పుస్తకం ఆ సేకరణకు చిట్టా. చిట్టా లేని సేకరణ ఒక తరం దాటడం కష్టం. కూడబెట్టిన మనిషికి తెలిసిన సంగతులు ఆ మనిషితోనే పోతాయి, వస్తువులు తూకానికి పోతాయి.

హుక్కా విషయంలో ఈ నష్టం మరీ త్వరగా జరుగుతుంది. హుక్కా ఒక్క ముక్కలో ఉండదు. మట్టి చిలుము పగిలిపోతుంది, గుడ్డ చుట్టిన గొట్టం చివికిపోతుంది, లోహపు బుడ్డి ఒక్కటే మిగులుతుంది. ఆ బుడ్డిని చూసినవాళ్లు పూలకూజా అనుకుంటారు. దాన్ని హుక్కాగా నిలబెట్టేది పక్కన రాసి ఉన్న నాలుగు వాక్యాలే.

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో ఇలాంటి సామానుకు పెద్ద నేపథ్యమే ఉంది. 1874లో మొదలైన వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం మీదే ఈ రెండు ఊళ్లూ ఉన్నాయి. బీదర్ లైను వికారాబాద్ జంక్షన్‌లోనే చీలుతుంది. ఒక చివర నవాబుల హైదరాబాద్, మరో చివర వెండి పొదిగిన హుక్కా బుడ్డీలకు పేరుపడ్డ బీదర్. వికారాబాద్‌కు ఆ పేరు నిజాం కొలువులోని పాయిగా వంశపు అమీరు వికార్ ఉల్ ఉమ్రా మీదుగా వచ్చింది. దేవిడీల్లో వెండి మెరిసే హుక్కా, పల్లెల్లో మట్టి చిలుము, చుట్ట, తునికాకు బీడీ: ఈ నేల మీద సేకరణ చేసేవారికి ఇవన్నీ ఎదురయ్యేవే.

దక్కన్‌కు పొగాకు

పొగాకు అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడల మీద పశ్చిమ తీరానికి వచ్చి, అక్కడి నుంచి దక్కన్ సుల్తానుల రాజ్యాల్లోకి పాకింది. అక్బరు పనిమీద బీజాపూర్ వెళ్లిన అసద్ బేగ్ అక్కడ పొగాకు చూసి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా ఆగ్రాకు తీసుకెళ్లిన సంగతిని తానే రాసిపెట్టాడు. అది 1605 ప్రాంతపు మాట. అక్బరు దాన్ని రుచి చూశాడు, ఆస్థాన వైద్యుడు అభ్యంతరం చెప్పాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. అయినా అలవాటు ఆగలేదు. ఉత్తరాది దర్బారుకు పొగాకు దక్కన్ నుంచే చేరిందన్నది సేకరణకర్త గుర్తుంచుకోవలసిన విషయం. దక్కనీ హుక్కాకు ఉన్న చారిత్రక విలువ అక్కడి నుంచి మొదలవుతుంది.

భాగాలకు వేరు నంబర్లు

పూర్తి హుక్కాలో నీళ్లు పోసే బుడ్డి, దాని మీద నిలిచే నిలువు గొట్టం, నిప్పూ పొగాకూ ఉంచే చిలుము, చిలుము మీద మూతగా ఉండే సర్‌పోష్, పొగ పీల్చే నైచా గొట్టం, నోటి దగ్గర పెట్టుకునే మునాల్ ఉంటాయి. గుండ్రటి బుడ్డి అయితే కింద ఒక కుదురు కూడా ఉంటుంది. వీటిలో లోహం, మట్టి, వెదురు, గుడ్డ, కొన్నిసార్లు వెండి, జేడు కలుస్తాయి. ఒక్కో పదార్థం ఒక్కో తీరుగా పాడవుతుంది.

అందుకే మ్యూజియంలలో వాడే మూడంచెల నంబరు హుక్కాకు బాగా కుదురుతుంది. మొదట వస్తువు చేతికి వచ్చిన సంవత్సరం, తర్వాత ఆ ఏడాది వచ్చిన ఎన్నో దఫా, చివర ఆ దఫాలో ఎన్నో వస్తువు. 2024.3.1 అంటే 2024లో మూడో దఫాగా వచ్చినవాటిలో మొదటిది. దానికి అక్షరాలు చేరిస్తే భాగాలు విడివిడిగా తెలుస్తాయి: 2024.3.1-అ బుడ్డి, 2024.3.1-ఆ నిలువు గొట్టం, 2024.3.1-ఇ చిలుము. లేని భాగాన్ని కూడా రాయాలి. “నైచా లేదు, వచ్చినప్పుడే లేదు” అన్న ఒక్క వాక్యం రేపు ఎవరో పోగొట్టారన్న అనుమానానికి తావివ్వదు. చిలుము తర్వాత వేరే చోట కొని జత చేసినదైతే ఆ సంగతీ రాయాలి. లేకపోతే రెండు కాలాల వస్తువులు ఒకే హుక్కాగా చలామణీ అవుతాయి.

నంబరును వస్తువు మీద నేరుగా మార్కరుతో రాయకూడదు. పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి, అడుగున కనిపించని చోట సన్నని పూత వేసి, అది ఆరాక దాని మీద సిరాతో రాసి, పైన మరో పూత వేస్తారు. అవసరమైనప్పుడు అసిటోన్‌తో తుడిస్తే వస్తువుకు హాని లేకుండా ఊడి వస్తుంది. చెక్కకూ గుడ్డకూ అయితే నూలుదారంతో కట్టిన కాగితపు చీటీ చాలు.

బీదరు బుడ్డిని చదవడం

బీదరు పనితనాన్ని చిట్టాలో సరిగ్గా వర్ణించాలంటే అది ఎలా తయారవుతుందో తెలియాలి. మూలలోహంలో తొంభై పాళ్లకు పైగా జింకు, అంటే మన పాతవాళ్లు తుత్తునాగం అన్నది, మిగతాది ప్రధానంగా రాగి. ఆముదం, గుగ్గిలం కలిపిన ఎర్రమట్టి అచ్చులో దాన్ని పోతపోస్తారు. పైభాగాన్ని ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు పూస్తారు. దాంతో నలుపెక్కిన ఉపరితలం మీద ఉలి గీత స్పష్టంగా కనబడుతుంది. గీసిన గాడిలో వెండి తీగనో, వెండి రేకునో సుత్తితో కొట్టి దిగేస్తారు. తీగ పనిని తార్‌కషీ అనీ, రేకు పనిని తెహ్‌నిషాన్ అనీ అంటారు. మళ్లీ నునుపు చేశాక బీదర్ కోటలోని పాత మట్టినీ నవాసారాన్నీ నీళ్లలో మరిగించి, వస్తువును అందులో ముంచి తీస్తారు. మూలలోహం గాఢమైన నలుపు తేలుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. చివర నూనె రాస్తారు.

ఈ క్రమం తెలిస్తే చిట్టా రాసే పని సులువవుతుంది. పని తీగదా, రేకుదా? గాడి ఖాళీగా ఉండి వెండి రాలిపోయిన చోట్లు ఎన్ని, ఎక్కడ? నలుపు సమంగా ఉందా, అరిగిందా? లోపల తెల్లని పొడి పట్టిందా? జింకు తడిలో నిలిచిపోతే తెల్లని తుప్పు వస్తుంది కాబట్టి, ఏళ్ల తరబడి నీళ్లు ఉన్న బుడ్డి లోపల ఇది మామూలే.

ఆకారం కాలాన్ని చెబుతుంది. 17, 18 శతాబ్దాల్లో బుడ్డి గుండ్రంగా ఉండి కుదురు మీద కూర్చునేది. 18వ శతాబ్దం గడిచేకొద్దీ అడుగు చదునుగా ఉన్న గంట ఆకారం వచ్చింది, 19వ శతాబ్దంలో అదే ఎక్కువైంది. నల్లమందు పూల మొక్కలు, తీగలు, అష్రఫీ బూటీ వంటి నమూనాలను పేరుతో రాయాలి, పేరు తెలియకపోతే రేకుల సంఖ్యతో సహా వర్ణించాలి. ఇలాంటి బుడ్డీలను సరిపోల్చుకోవడానికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని బీదరు సామాను గొప్ప ఆధారం.

ఒక గంట ఆకారపు బుడ్డికి నమోదు ఇలా ఉండవచ్చు: “హుక్కా బుడ్డి. జింకు మిశ్రమం, వెండి తెహ్‌నిషాన్. ఎత్తు, అడుగు వ్యాసం, మూతి వ్యాసం సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో. నడుమ ఆరు పూల మొక్కలు, మెడ చుట్టూ తీగ అంచు. రెండో మొక్క దగ్గర ఒక రేకు రాలింది. అడుగున సొట్ట. లోపల తెల్లని పొర. నాలుగు వైపులా, అడుగునా ఫోటోలు, పక్కన స్కేలుతో.” ఈ వర్ణన చదివినవారు పది బుడ్డీల మధ్య ఈ ఒక్కదాన్ని గుర్తుపట్టగలగాలి. మంచి నమోదుకు అదే కొలబద్ద.

కాగితాలు, తేదీలు, జిల్లాలు

వస్తువుతో పాటు వచ్చిన కాగితాన్ని వస్తువంత జాగ్రత్తగా చూడాలి. నిజాం కాలపు రసీదుల మీద తేదీ ఫస్లీ అనే సంవత్సర గణనలో ఉంటుంది, నెల పేరు ఆజూర్, బహ్మన్, తీర్ అని ఉంటుంది. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదట్లో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తు శకం వస్తుంది: 1340 ఫస్లీ అంటే 1930–31. చిట్టాలో కాగితం మీద ఉన్న తేదీని ఉన్నదున్నట్టు రాసి, లెక్క కట్టిన తేదీని పక్కన వేరుగా రాయాలి.

ఊరి పేరు పక్కనున్న జిల్లా పేరు కూడా కాలాన్ని పట్టిస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. రంగారెడ్డి జిల్లా 1978లో, వికారాబాద్ జిల్లా 2016లో ఏర్పడ్డాయి. కాబట్టి “తాండూరు, గుల్బర్గా జిల్లా” అని ఉన్న చిరునామా తప్పు కాదు, అది కాగితం వయసు. దాన్ని దిద్దకుండా, ఇప్పటి జిల్లాను పక్కన చేర్చాలి.

సిగరెట్ ప్యాకెట్ల మీద, లేబుళ్ల మీద ధర ఇదే పని చేస్తుంది. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావడానికే ఎక్కువ అవకాశం, నయా పైసల్లో ఉంటే 1957–64 నడుమది. 1930లో మొదలైన హైదరాబాద్ వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ ప్యాకెట్లు ఈ ప్రాంతంలో విరివిగా దొరికే సామాను. ప్యాకెట్‌లో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటే అది 2016 తర్వాతిది.

చెక్క పైపులు

హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్న కాలం నుంచి దొరలూ అధికారులూ వాడిన పైపులు కూడా పాత ఇళ్లలో కనిపిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం మధ్యధరా ప్రాంతపు బ్రయర్ పొద వేరు ముడితో చేసినవి. గిన్నె పక్కనా పిడి మీదా ఉన్న ముద్రలను అక్షరం పొల్లుపోకుండా రాయాలి. వెండి పట్టీ ఉంటే దాని ముద్రలు ఇంకా మేలు: సింహం వెండి స్వచ్ఛతను, లంగరు బర్మింగ్‌హామ్‌ను, చిరుతపులి తల లండన్‌ను, ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతాయి. మీర్షామ్ అనే మెత్తని తెల్ల ఖనిజంతో చేసిన పైపు వాడేకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది కాబట్టి, దాని రంగును ఫోటోతో నమోదు చేయాలి.

పొగాకు లెక్క

పొగాకు ఆకు జీవపదార్థం, ఏటా మారుతుంది. దాని పేజీ వేరుగా ఉండాలి: రకం, పండిన చోటు, పంట సంవత్సరం, కొన్న తేదీ, బరువు, ఉంచిన డబ్బా, మొదట తెరిచిన తేదీ, తీసిన ప్రతిసారీ మిగిలిన బరువు. గోదావరి లంకల్లో పండి చుట్టలకు వాడే లంక పొగాకు, కోస్తాలో పండే వర్జీనియా, బెల్లం పాకం కలిపిన హుక్కా పొగాకు మూడూ మూడు తీరులు. రాజమండ్రిలో 1947లో ఏర్పడ్డ కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, గుంటూరు పొగాకు బోర్డు తెలుగు నేలకూ ఈ పంటకూ ఉన్న బంధానికి సాక్ష్యాలు.

తాండూరు ఎండల్లో ఆకు పెళుసెక్కి పొడి అవుతుంది, వికారాబాద్ పక్కనున్న అనంతగిరి వైపు వానాకాలంలో బూజు పడుతుంది. గాలి చొరని గాజు సీసా రెండింటికీ మందు. ఆకులో సూదిమొన చిల్లులు, అడుగున పొడి కనిపిస్తే పొగాకు పురుగు పడినట్టు. ఆ డబ్బాను వెంటనే వేరు చేసి, సీలు చేసిన కవరులో కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కవరు విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. ఆ తేదీ చిట్టాకెక్కాలి.

తోమడం, దాచడం

పండుగకు ఇత్తడి సామానుతో పాటు బీదరు బుడ్డినీ చింతపండుతో తోమడం ఇళ్లలో జరిగే పొరపాటు. పులుపు జింకును తింటుంది, పాలిష్ పొడి నలుపును గీకేస్తుంది. మెత్తని పొడి నూలుగుడ్డ చాలు. చిలుము లోపలి మసిని కడగకూడదు. దాన్ని ఎలా వాడారో చెప్పేది ఆ మసే. ఎబొనైట్ (గట్టి రబ్బరు) పిడి ఉన్న పైపులనూ, రబ్బరు బ్యాండ్లనూ వెండి పనితనం దగ్గర ఉంచకూడదు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ప్రతి వస్తువుకూ అలమారా, అర, పెట్టె నంబరు రాసి, చోటు మారిస్తే అదే రోజు దిద్దాలి.

చట్టం, విలువ

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. కొన్ని తరగతుల వస్తువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు వయసు, వచ్చిన దారి చిట్టాలో ఉంటే అధికారుల ముందు జవాబు సిద్ధంగా ఉంటుంది. చట్టం చూపు హుక్కా వాడకం మీదా పడింది: 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. పొగాకు ప్రాణాంతకమన్నది తేలిన సత్యం. ఆ అలవాటు పోవలసిందే. అయితే పోతున్న అలవాటు చుట్టూ కుమ్మరి, కంసాలి, బీదరు పనివాడు చూపిన నేర్పు పోకూడదు. సేకరణ విలువ ఆ నేర్పును పదిలపరచడంలో ఉంది.

దేశంలోని పెద్ద మ్యూజియంలు తమ చిట్టాలను జతన్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాయి, సాలార్‌జంగ్ వాటిలో ఒకటి. ఇంటి సేకరణకు గట్టి అట్టల రిజిస్టరు, దాని నకలుగా కంప్యూటర్‌లో ఒక పట్టిక సరిపోతాయి. రిజిస్టరులో పేజీ చింపకూడదు, తప్పును ఒక్క గీతతో కొట్టేసి పక్కన తేదీ వేయాలి. ఏటా ఒకసారి వస్తువులన్నిటినీ చిట్టాతో సరిచూసి, కనబడనిదీ కొత్తగా దెబ్బతిన్నదీ రాయాలి. నకలు మరో ఇంట్లో ఉంచాలి. వారసులకు ఇచ్చినా, మ్యూజియానికి ఇచ్చినా, వస్తువుతో పాటు దాని పేజీ నకలు కూడా వెళ్లాలి.