రేనాటి నేల మీద బండలాగుడు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో తిరునాళ్ల కరపత్రం అచ్చయినప్పుడు, స్వామివారి ఊరేగింపు వేళలకూ చెక్కభజన, కోలాటం వివరాలకూ దిగువన బండలాగుడు పోటీల షరతులు తరచుగా కనిపిస్తాయి. ఒక జత ఎద్దులు కాడి కింద మెడలు పెట్టి, ఊరివాళ్లు ఎంచిన రాతిబండను నిర్ణీత సమయంలో ఎంత దూరం ఈడ్చగలవో అడుగులు, అంగుళాల లెక్కన తేల్చే ఈ పందేన్ని కరపత్రాల భాషలో వృషభరాజముల బలప్రదర్శన అంటారు. జనం నోట మాత్రం అది బండలాగుడే. పైకి కేవలం కండబలం పరీక్షలా కనిపించే ఈ ఆటలో ఎద్దును ఎంచడం, జత కుదర్చడం, నోటిమాటతో నడపడం అనే మూడు విద్యలు కలిసి ఉన్నాయి, అవి మూడూ సేద్యం నుంచి వచ్చినవే.

పెన్నా, కుందూ, చిత్రావతి, పాపఘ్ని నదులు పారే ఈ సీమకు రేనాడని పాత పేరు. తొలి తెలుగు శాసనంగా పేరొందిన, ఆరో శతాబ్ది నాటి కలమళ్ల శాసనం ఎర్రగుంట్ల పక్కనే దొరకడం వల్ల ఆ పేరు చదువరులకు పరిచయమే. జమ్మలమడుగు, ముద్దనూరు వైపు నల్లరేగడి, పులివెందుల వైపు మెట్ట చేలు, ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ తడి, ఇలా నేల మారినచోటల్లా ఎద్దు చేసే పనీ మారింది. తడిసిన రేగడిలో మడక, అంటే నాగలి, దిగబడితే దాన్ని ముందుకు లాగడానికి బరువైన జత కావాలి. వేరుశనగ చేలో కలుపు తీసే గుంటకకు బరువు కన్నా నిదానమైన నడక ముఖ్యం. విద్యుత్ మోటార్లు రాకముందు బావి నీటిని తోడిన కపిల ఎద్దును మరింతగా పరీక్షించేది: తోలుతో చేసిన పెద్ద బానను మోకుకు కట్టి బావిలోకి వదిలితే, జత ఏటవాలు దారిలో ముందుకు దిగి దాన్ని పైకి లాగాలి, మళ్లీ కేక వినగానే వెనక్కి నడవాలి, ఇదంతా రోజంతా తడబడకుండా చేయాలి. బండలాగుడుకు పుట్టిన తేదీని వెతకడం కన్నా అది ఏ పనుల నుంచి పుట్టిందో చూడడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది, ఎందుకంటే కపిల తోలిన రైతుకు తన జత ఎంత బరువుకు నిలుస్తుందో బరిలోకి దిగకముందే తెలుసు. పందెం ఆ సంగతిని పదిమంది కళ్లముందు పెట్టింది, అంతే.

జత అంటే రెండు మంచి ఎద్దులు కావు. కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటి ఎద్దు అనీ, కుడివైపు కట్టేదాన్ని వలపటి ఎద్దు అనీ పిలుస్తారు, చిన్నప్పటినుంచి ఒక పక్క అలవాటైన ఎద్దు రెండో పక్కకు మారితే తికమకపడుతుంది. ఎత్తు సరిపోవాలి, అడుగు నిడివి సరిపోవాలి, అన్నిటికీ మించి దూకుడు సరిపోవాలి. ఒకటి ఉరికి మరొకటి నింపాదిగా కదిలితే కాడి ఓరగా తిరిగి, లాగే బలంలో కొంత పక్కకు పోయి, బండ హద్దుగీత వైపు జరుగుతుంది. అందుకే ఒక ఊరి రైతు తన ఎద్దుకు ఈడైనది ఇంట్లో లేనప్పుడు మరో ఊరి రైతు ఎద్దుతో కలిపి బరిలోకి దింపుతాడు. దీన్ని కంబైన్డ్ జత అంటారు, రెండు ఊళ్ల పేర్లూ మైకులో ఒకేసారి వినిపిస్తాయి. పంతాలకు పేరుపడ్డ సీమలో రెండు ఊళ్లను ఒకే కాడి కింద నిలబెట్టే ఈ ఏర్పాటుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

కాడి మెడమీద, మూపురానికి ముందు కూర్చుంటుంది. మన ఎద్దుకున్న ఎత్తైన మూపురమే దానికి ఆనుడు. స్పెయిన్ ఉత్తర భాగంలోని బాస్క్ ప్రాంతంలో కూడా ఎద్దుల జతలతో ఊరి మైదానంలో పెద్దరాయిని ఇటూ అటూ లాగించి, నిర్ణీత సమయంలో ఎన్నిసార్లు దాటించాయో లెక్కించే పందెం ఉంది, దాన్ని ఇడి ప్రొబాక్ అంటారు. అక్కడి పశువులకు మూపురం లేదు కనుక కాడిని కొమ్ములకూ తలకూ కట్టి బిగిస్తారు. ఒకరినొకరు ఎరగని రెండు సేద్యపు సమాజాలు ఒకే ఆటకు చేరుకున్నాయి, పశువు శరీరాన్ని బట్టి పనిముట్టు మాత్రం వేరైంది.

పోటీలో విభాగాలను పళ్లను బట్టి నిర్ణయిస్తారు. పశువుకు పైదవడ ముందుభాగంలో పళ్లుండవు. కిందిదవడలో ఎనిమిది ముందుపళ్లుంటాయి, దూడగా ఉన్నప్పుడు అవన్నీ పాలపళ్లే. సుమారు రెండు, రెండున్నర ఏళ్ల వయసులో నడిమి రెండూ ఊడి వెడల్పాటి గట్టిపళ్లు వస్తాయి, ఆపైన జతలు జతలుగా నాలుగు, ఆరు, చివరకు ఎనిమిది పూర్తవుతాయి. పుట్టినతేదీ కాగితం లేని పశువుకు నోరే సాక్ష్యం కాబట్టి, పోటీకి ముందు అనుభవజ్ఞుడు ఒక చేత్తో ముక్కుతాడు పట్టి, రెండో చేత్తో కింది పెదవిని వంచి పళ్లు చూసి విభాగం ఖరారు చేస్తాడు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అనే ఈ మెట్ల పైన జూనియర్, సీనియర్ విభాగాలుంటాయి, మెట్టు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. లేతకోడె మీద పెద్దబండ మోపకుండా ఆపేది ఈ వర్గీకరణే.

కడప పేరు చెప్పగానే నాపరాయి గుర్తొస్తుంది గానీ, పొరలుగా విడిపోయే ఆ రాయి ఈ పనికి నిలవదు. బండకు పొరలు లేని గట్టి రాతిదిమ్మె కావాలి. బరిని నేల చదును చేసి, సాధారణంగా రెండు వందల యాభై, మూడు వందల అడుగుల పొడవున, రెండుపక్కలా హద్దులు గీసి తయారుచేస్తారు. జతలు దిగే వరుసను చీటీలు వేసి తేలుస్తారు, ఎందుకంటే ఒక్కొక్క జత లాగినకొద్దీ నేల గీసుకుపోయి స్వభావం మారుతుంది. ఒక కొస నుంచి మరో కొసకు బండను చేర్చడం ఒక రౌండు. ఉదాహరణకు 250 అడుగుల బరిలో ఒక జత పన్నెండు రౌండ్లు పూర్తిచేసి, పదమూడో రౌండులో 137 అడుగుల 4 అంగుళాల దగ్గర ఉండగా సమయం ముగిస్తే, దాని లెక్క 3,137 అడుగుల 4 అంగుళాలు. చివరి అంగుళాల కోసం టేపు పట్టుకున్న మనిషి చుట్టూ గుమికూడిన జనం ఊపిరి బిగబట్టి చూస్తారు, బహుమతి ఆ అంగుళాల మీద మారిన సందర్భాలూ ఉంటాయి.

ఈ ఆటలోని కిటుకంతా బండ కదిలే మొదటి క్షణంలో ఉంది. రాయికీ నేలకూ మధ్య ఉండే ఒరపిడి వల్ల, నిలిచిన బండను కదిలించడానికి కావలసిన బలం దాన్ని కదులుతూ ఉంచడానికి కావలసిన బలం కన్నా ఎక్కువ. అందువల్ల బరిలో బండ ఆగిన ప్రతిసారీ జత ఆ ఎక్కువ మూల్యం మళ్లీ చెల్లించాలి. ప్రతి రౌండు చివర మలుపు దగ్గర బండ ఆగుతుంది, 3,000 అడుగుల దూరానికి 250 అడుగుల బరిలో పన్నెండు రౌండ్లు, 300 అడుగుల బరిలో పది రౌండ్లు పడతాయి కనుక, రెండు ఊళ్లలో వచ్చిన ఒకే అంకె ఒకే బలాన్ని సూచించదు. కాడికీ బండకూ మధ్య ఉండే గొలుసో మోకో నేలమట్టం నుంచి ఏటవాలుగా లేస్తుంది, అందుచేత లాగుడులో కొంత భాగం బండ ముందుకొసను కాస్త తేలిక చేస్తుంది. తాడు పొడవు పెంచితే ఆ లాభం తగ్గుతుంది. తోలేవాడు ఈ సూత్రాలను పేర్లతో చెప్పకపోవచ్చు గానీ, రెండు ఎద్దులూ తలలు దించి, వెనక కాళ్లు మడిచి, గిట్టలు నేలకు పట్టించిన క్షణాన్ని కనిపెట్టి ఒకే కేకతో రెండింటినీ ఒకేసారి లేపడమే అతని పనితనం.

అదే చోట ఈ సంప్రదాయపు మచ్చ కూడా ఉంది. కేక చాలని చోట చర్నాకోల లేస్తుంది, తోక మెలితిప్పడం, కర్రతో పొడవడం కనిపిస్తాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పశువును కొట్టడాన్నీ, అతిగా శ్రమపెట్టడాన్నీ నేరంగా పేర్కొంది. 2011లో కేంద్రం ఎద్దులను ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో చేర్చగా, 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ నిలిపివేసింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకున్న చట్టసవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. పాతకాలం నుంచి వస్తున్నదన్న ఒక్క మాట బండలాగుడుకు రక్షణ కాజాలదు. దెబ్బ పడగానే జతను బరి నుంచి తప్పించే షరతును కరపత్రం మీద అచ్చువేసి, పోటీలో అమలు చేసే ఊరే ఈ ఆటను నిజంగా కాపాడుతుంది. దెబ్బతో లాగిన దూరం తోలేవాడి విద్యను చాటదు కూడా.

బరిలో ఎక్కువగా కనిపించేది ఒంగోలు జాతి: తెల్లని ఒళ్లు, వేలాడే గంగడోలు, బరువైన మూపురం. మైసూరు వైపు హళ్లికార్ ఎద్దులు పరుగుకు పేరుపడితే, ఇవి నిలకడైన లాగుడుకు పేరుపడ్డాయి. ఒంగోలు తాలూకా 1904కు ముందు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరుతోనే ఈ జాతి సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ అయింది. నేడు అక్కడి గొడ్లమందల్లో అధికభాగం దాని సంతతే. పుట్టినచోట మాత్రం ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని తగ్గింది, పని తగ్గడంతో కోడెదూడకు విలువ పోయింది. ఉలవలు, పత్తిగింజలు, శనగపొట్టు, జొన్నచొప్ప పెట్టి, ఇసుకలో నడిపించి, నీటిలో ఈదించి ఏళ్లతరబడి ఎద్దును సాకడానికి నేటి రైతుకు మిగిలిన ప్రధాన కారణాల్లో బండలాగుడు ఒకటి. విత్తు కొట్టించిన ఎద్దు వంశానికి నేరుగా ఇచ్చేదేమీ లేదన్న అభ్యంతరం నిజమే గానీ, గెలిచిన ఎద్దుకు పలికిన ధర దాని తల్లి ఆవుదాకా, ఆ ఆవు వేసే తర్వాతి దూడదాకా వెళ్తుంది.

ఒకప్పుడు పొలం నుంచి విప్పి బరికి తోలుకొచ్చిన ఎద్దులే పోటీపడేవి. ఇప్పుడు పెద్ద విభాగాల్లో దిగేవాటిని ప్రత్యేకంగా పోటీ కోసమే పెంచుతున్నారు. ఈ తేడాను గమనించిన ఊళ్లు సేద్యపు ఎద్దులకు వేరే విభాగం పెట్టాయి. అక్కడ బండ చిన్నది, బహుమతి చిన్నది, ఎద్దుల ఒంటిమీద నిగనిగ తక్కువ, మెడమీద కాడి రాసిన కాయ మాత్రం నల్లగా, గట్టిగా ఉంటుంది. పందెం ముగిసి మొదటి వాన పడ్డాక ఆ జత గుంటక కట్టుకుని మళ్లీ చేలోకి వెళ్తుంది.