రాగిరేకు, రాగము: రాళ్ళపల్లివారి పరిష్కరణ

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను నేడు కచ్చేరీలలో విన్నవారు, ఆ వరుసలును ఆ కాలపువే యని తలచుట సహజము. కాని రాగిరేకులపై ఉన్నది సాహిత్యము, దాని తలపై రాగము పేరు. స్వరము లేదు. ఆ లోటును పూరింపబూనిన తొలితరమువారిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి (1893–1979) స్థానము ప్రత్యేకమైనది. పాఠమును పరిష్కరించినవారును, దానికి వరుస కట్టినవారును ఆయనయే.

శర్మగారు 1912 మొదలు 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించినారు. అక్కడనే బిడారం కృష్ణప్పగారి వద్ద సంగీతము నేర్చినారు. ప్రాకృత గాథాసప్తశతిని తెనిగించినదియు ఆయనయే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో గతించిన పిమ్మట, తిరుపతిలో తాళ్ళపాక వాఙ్మయ పరిష్కరణ భారమును వహించి, వందకు పైగా కీర్తనలకు స్వరములు కూర్చినారు.

ఇచట ఒక చిక్కు కలదు. రేకుపై ‘ముఖారి’ అని ఉన్నచో నేటి ముఖారిలో పాడిన చాలునా? రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకలానిధిలో ముఖారి శుద్ధస్వరముల మేళము. నేటి ముఖారి ఖరహరప్రియకు జన్యము. పేరు నిలిచినది, రాగము మారినది. ఆబాలి, అమరసింధు వంటివాని పేర్లు సైతము గాయకులకు కొత్త. కాబట్టి పాఠపరిష్కర్త అక్షరమును సాధింపగలడు గాని, స్వరమును సాధింపజాలడు, కల్పింపవలసినదే. శర్మగారి కృషిలో మొదటి భాగము శాస్త్రము, రెండవది నూతన రచన. రెంటిని ఒకే తూకమున తూచుట ఆయనకు న్యాయము చేయుట కాదు.

ఆ రచన విలువ ఆయన తెలుగుచెవిలో ఉన్నది. అర్థము ముగియుచోటనే ఊపిరి ముగియును. తాళము కొఱకు మాట విరుగదు. యతిప్రాసలు స్వరమున మునిగిపోక తేటగా వినబడును. ఛందస్సు ఎరుగని విద్వాంసుడు, ఎంత గాత్రము కలవాడైనను, ఈ పని చేయుట కష్టము. (సంగతుల వైభవమును కోరువారికి ఈ వరుసలు కొంత పొడిగా తోచవచ్చును, ఆ ఆక్షేపణ పూర్తిగా నిరాధారము కాదు.)

1974లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనను సంగీతకళానిధిగా గౌరవించినది. అయినను కచ్చేరీలలో ‘అన్నమయ్య కీర్తన’ యని ప్రకటించి, వరుస కట్టినవారి పేరు విడిచిపెట్టుట తరచు. కీర్తన తలపై రేకులోని రాగమును, వరుస కట్టినవారు ఎన్నుకొన్న రాగమును, వారి పేరును వేర్వేరుగా ముద్రించుటకు ఒక పంక్తి చాలును.