బాగుండాం అనే అలవాటు

ఉమ్మడి కడప జిల్లా వాళ్లకు వీడియో కాల్ కరోనాతో వచ్చిన వింత కాదు. దేశమంతా తెర ముందు కూర్చోక ముందే రాయచోటి, రాజంపేట, బద్వేలు ఇళ్లల్లో తల్లులు కువైట్ నుంచి ఐఎంఓ యాప్‌లో కనబడేవాళ్లు. అరబ్బు ఇంట్లో గిన్నెలన్నీ కడిగి నడుం వాల్చే వేళకు అక్కడ రాత్రి పది, ఇక్కడ పన్నెండున్నర. పిల్లలు నిద్ర కళ్లతో లేచి కూర్చుంటే హోంవర్కు, బడి ఫీజు, జేజి మాత్రలు అన్నీ ఆ తెర మీదే తేలేవి. ఇన్నేళ్లలో రెండు వైపులా ఎక్కువసార్లు పలికిన మాట మాత్రం ఒకటే: "అంతా బాగుండాం." అక్కడ జీతం చేతికి రాకపోయినా, ఇక్కడ బోరు ఎండిపోయినా అదే మాట. దూరాన ఉన్నవాళ్ల మనసు కష్టపెట్టకూడదనే ప్రేమ అది, తప్పు పట్టను. కానీ తెర మీద ముఖం కనబడగానే కష్టాన్ని మింగేసే విద్య మావాళ్లకు బాగా ఒంటబట్టింది. ఆన్‌లైన్ థెరపీ మా సీమలో తడబడేది నెట్‌వర్క్ దగ్గర కంటే ఇక్కడే ఎక్కువని నా అనుమానం.

నేను కర్నూల్లో ఉంటాను, పుట్టింది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. రాత్రిళ్లు నిద్ర పట్టక, పట్టినా తెల్లవారుజామునే గుండె దడతో మెలకువ వస్తుంటే, హైదరాబాదులో ఉండే ఒక క్లినికల్ సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడటం మొదలుపెట్టాను. ఆమె "ఎలా ఉన్నారు?" అని అడగదు. "ఈ వారంలో బాగా బరువనిపించిన పూట ఏది?" అంటుంది. మొదటి ప్రశ్నకు మనందరి దగ్గరా జవాబు తయారుగా ఉంటుంది. రెండోదానికి వెతుక్కోవాలి. సెషనంటే నలభై అయిదు, యాభై నిమిషాలు. తీరా ఆమె అడిగాక వెతకడం మొదలుపెడితే అందులో పావుగంట అక్కడే ఖర్చవుతుంది.

ఇంకో సంగతి గమనించాను. మనం ఫోన్‌లో అసలు విషయం ఎత్తేది "సరే, ఉంటా మరి" అన్న తర్వాతే. వానలు, పెళ్లిళ్లు, ఉల్లిగడ్డ ధర అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తాం అనగా, "అది కాదుగానీ..." అంటూ మొదలవుతుంది. స్నేహితుడితో అయితే ఇంకో గంట దొరుకుతుంది. థెరపిస్టుకు అవతల ఇంకొకరు ఎదురు చూస్తుంటారు. అందుకని ఆ "అది కాదుగానీ" తర్వాతి మాటను ముందుకు లాక్కోవాలి. కూర్చోగానే, గొంతు ఇంకా సర్దుకోక ముందే, ఆ వాక్యం అనేయాలి. వివరం తర్వాత. ఇది చెప్పినంత తేలిక కాదు, నాకు ఇప్పటికీ అలవడలేదు.

నిజానికి దూరం నుంచి మనసు విప్పడం తెలుగువాళ్లకు తెలియని పనేమీ కాదు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే 'ప్రమదావనం' శీర్షికను 1950ల నుంచి దశాబ్దాల పాటు నడిపారు. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారికి వచ్చిన ప్రశ్నల సంగతి సరేసరి. మొగుడితో, తల్లితో, ప్రాణ స్నేహితుడితో అనలేనిది, అచ్చవుతుందని తెలిసి కూడా రాసి పంపారు జనం. ఎదురుగా ముఖం లేదు కాబట్టి రాయగలిగారు. ఉత్తరం కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో, ఏమి అడగాలో ముందే తేల్చుకోవలసి వచ్చింది. ఆ రెండు సౌకర్యాలనూ వీడియో సెషన్‌లోకి తెచ్చుకోవచ్చు. ముందు రోజు రాత్రి ఒక పేజీ ఉత్తరం రాస్తాను. ఏమి జరిగింది, అప్పుడు నేనేం చేశాను, ఎవరికీ చెప్పనిది ఏది. మరుసటి రోజు దాన్ని చదవను, పక్కన పెట్టుకుంటాను. నోట రాని వాక్యం దగ్గర ఆగిపోతే ఆ ఒక్క ముక్క చూసి చదువుతాను, లేదా చాట్‌లో టైపు చేసి పంపుతాను. ఎదురుగా కుర్చీలో కూర్చుంటే ఈ రెండో వీలు ఉండదు.

ముఖం సంగతి కూడా అంతే. తెర మూలన మన బొమ్మే మనకు కనబడుతుంటే కన్ను దాని మీదికే పోతుంది. ఏడుపు వస్తే ముందు ఎలా కనిపిస్తున్నామో చూసుకుంటాం. సెట్టింగుల్లోకి వెళ్లి సొంత బొమ్మను దాచేయడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. కొన్ని రోజుల్లో కెమెరానే వద్దనిపిస్తుంది. అడిగితే ఒప్పుకునే థెరపిస్టులే ఎక్కువ. అయితే కెమెరా ఉన్నా కనబడేది భుజాల పైభాగమే కదా. గదిలో ఎదురుగా ఉంటే వణికే కాలును, నలిగే తువ్వాలును థెరపిస్టు చూసి ఉండేది. ఇక్కడ మనమే చెప్పాలి: "నాయన పేరు ఎత్తగానే చేతులు చల్లబడ్డాయి మేడమ్." పల్లెల్లో చాలామంది మానసిక వేదనను ఛాతీలో బరువని, కడుపులో మంటని, తల దిమ్మని చెబుతారు. చదువుకున్నవాళ్లు దాన్ని నామోషీగా చూస్తారు గానీ, తెర అవతలి మనిషికి అంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

ఇక గది. కర్నూలు, కడప ఇళ్లల్లో ఒంటరి గది దొరకడం కంటే ఒంటరి గంట దొరకడం కష్టం. తలుపు వేసుకుంటే "ఏమైందిరా?" అని ఒకరు, "కాఫీ తాగుతావా?" అని ఒకరు. పైగా మావి నాపరాయి, బేతంచెర్ల బండల నేలలు. పెద్దగా సామాను లేని గదిలో గొంతు బండల మీద పడి మోగుతుంది, పక్కింటి చిన్నమ్మకు కూడా వినిపిస్తుంది. తలుపు దగ్గర మందపాటి బొంత పరిచి, గది బయట ఫ్యాను వేసి పెడితే చాలా మటుకు తగ్గుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అవతలి గొంతు దాగుతుంది. మనదే కొంత బయటికి పోతుంది. మిద్దె మీద మాట్లాడేవాళ్లను చూశాను. మంచి చోటే, కాకపోతే ఏప్రిల్, మే నెలల్లో పొద్దు మునిగాక కూడా బండ కాలుతుంటుంది. ఆళ్లగడ్డ వైపు ఒక రైతు మిత్రుడు పొలంలో మోటారు షెడ్డు దగ్గర కూర్చుంటాడు. అక్కడ సిగ్నల్ ఉంది, వినేవాడు లేడు. ఇంట్లో "డాక్టరుతో మాట్లాడుతున్నా, గంట సేపు పిలవొద్దు" అని ఉన్నమాట చెప్పడం అన్నిటికంటే నయం. ఆఫీసు మీటింగని అబద్ధం చెప్పినవాళ్లు తర్వాత కళ్లు ఎర్రగా ఎందుకున్నాయో కూడా చెప్పుకోవాలి. కరెంటు పోతే, లైను తెగితే ఎవరు ఎవరికి మామూలు కాల్ చేయాలో మొదటి రోజే అనుకోవాలి. లేకపోతే గొంతులో మాట ఉండగా తెగిపోయి, ఇద్దరూ ఒకేసారి డయల్ చేస్తూ కూర్చుంటారు.

గది కుదిరాక కూడా ఒక లోటు మిగులుతుంది. పత్తికొండ నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చే మనిషికి బస్సులో గంటకు పైగా దొరుకుతుంది. ఓపీ చీటీ వరసలో ఇంకో గంట. కడప పెద్ద దర్గాకు వెళ్లే మనిషికీ దారి ఉంటుంది, గుమ్మం ఉంటుంది, చెప్పులు విడిచే చోటు ఉంటుంది. ఆ ప్రయాణాన్ని అందరూ అవస్థ కింద లెక్కగడతారు. చెప్పాల్సింది మనసులో ఒక వరసకు వచ్చేది మాత్రం అందులోనే. ఆన్‌లైన్‌లో కుక్కర్ మూడో విజిల్ అయిన నిమిషానికి చనిపోయిన నాయన గురించి మాట్లాడతాం, లింకు మూసిన నిమిషానికి పప్పు తాళింపు వేస్తాం. మనసు అంత వేగంగా గేరు మార్చలేదు. నేను సెషన్‌కు ముందు కాసేపు, తర్వాత ఇంకాస్త ఎక్కువసేపు, ఫోన్ లేకుండా తుంగభద్ర గట్టు వైపు నడుస్తాను. తిరిగొచ్చాకే ఎవరితోనైనా మాట. పని నుంచి అంత సేపు బయటపడలేని ఆడవాళ్లకు ఈ సలహా సగమే పనికొస్తుందని తెలుసు. వాళ్లు కనీసం సెషన్ అయిన వెంటనే వంటింట్లోకి వెళ్లాల్సిన వేళ పెట్టుకోకపోతే మేలు.

అసలు పని సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఉంటుంది. నాకు మా సైకాలజిస్టు ఇచ్చిన మొదటి పని నిద్ర డైరీ: ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు లేచాను, పగలు ఎంత కునుకు తీశాను. చూడటానికి చిన్నపిల్లల హోంవర్కులా ఉంటుంది. నింపితే తేలిందేమిటంటే, ఎండాకాలం మధ్యాహ్నాలు నేను కునుకు పేరుతో రెండు గంటలు నిద్రపోతున్నాను, అర్ధరాత్రి లేచి బంగారం ధర చూస్తున్నాను. (బంగారం అంగళ్ల ప్రొద్దుటూరు పక్కన పుట్టుక, క్షమించాలి.) నిద్రలేమికి వాడే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పద్ధతిలో ఇదే తొలి మెట్టు. తర్వాతివి: ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకు లేవడం, పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే చోట కూర్చోవడం, పడక మీద ఫోన్ పట్టకపోవడం. మాత్రల్లేని ఈ వైద్యం వీడియోలో కూడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే చేసేదంతా ఇంట్లోనే. డైరీ నింపని వారం ఉంటే ఆ మాటే చెప్పాలి. ఎందుకు నింపలేకపోయామన్నదే ఆ రోజుకు సరిపడా విషయం అవుతుంది.

తెర మీది వైద్యం నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని నెబ్రాస్కాలో 1959 నాటికే మానసిక వైద్యులు టీవీ తెరల ద్వారా రోగులతో మాట్లాడారు. మన దగ్గర టెలిమెడిసిన్‌కు నియమావళి వచ్చింది 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే. అవతలి మనిషి ఎవరన్నది చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం మనదే. మందులు రాయాలంటే సైకియాట్రిస్టు లాంటి, మెడికల్ రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరు కావాలి. వీడియోలో రాయకూడని మందులు కొన్ని ఉన్నాయి, వాటికోసం పట్టుబట్టకూడదు. మాటల వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి. నంబరు అడిగితే మంచి మనిషి నొచ్చుకోరు. 'లైఫ్ కోచ్' బోర్డుకు అలాంటి అడ్డేమీ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. మొదటి రోజు థెరపిస్టు మనమున్న చోటు, అవసరమైతే పిలవాల్సిన దగ్గరివాళ్ల నంబరు అడుగుతారు. కొందరు ఇక్కడే బెదిరి ఫోన్ పెట్టేస్తారు. హైదరాబాదులో ఉన్న మనిషి కోడుమూరులో ఉన్న మనిషిని ఆపదలో కాపాడాలంటే ఇంకో దారేది? చెప్పిన మాటల గోప్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి హక్కుగానే రాసింది.

ఒక్కో సెషన్‌కు వెయ్యి రూపాయల పైమాట పెట్టగలిగినవాళ్ల కథ ఇంతవరకు. కోసిగి నుంచి గుంటూరు మిరప కోతలకు వలస పోయే ఇంట్లో ఒకే ఫోన్ ఉంటుంది, అదీ మగవాడి జేబులో. గూగుల్ పే మెసేజ్ కూడా ఆయనకే వస్తుంది. అలాంటి చోటికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 14416కు ఏ వేళప్పుడు చేసినా డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు, ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్ అయినా చాలు. దీనికి పెద్దదిక్కు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. పల్లె దవాఖానాల ద్వారా మానసిక వైద్యం ఇవ్వొచ్చా అని 1980ల్లో ఆ సంస్థే మన ఆలూరు పక్కనున్న బళ్లారి జిల్లాలో చేసి చూసింది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో పెద్ద డాక్టరు పల్లెకు రావడం అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు. ఫోన్ చేసేటప్పుడు పక్కన కాగితం పెట్టుకోవాలన్న నియమం దీనికీ వర్తిస్తుంది. తర్వాతిసారి ఎత్తేది వేరే గొంతు కావచ్చు, మన కథను మనమే చేరవేయాలి.

తెర చాలని చోట్లూ ఉన్నాయి. ఎవరికీ వినబడని గొంతులు వినిపిస్తున్నవాళ్లను, చనిపోవాలన్న ఆలోచన గట్టిపడినవాళ్లను వీడియో ముందు కూర్చోబెట్టి సరిపెట్టకూడదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో వెంట మనిషిని పెట్టుకుని తీసుకెళ్లాలి. కొట్టే మనిషి అదే ఇంట్లో ఉంటే దెబ్బలు తినే ఆమె ఏ గదిలో కూర్చున్నా మాట బయటపడదు. అలాంటివాళ్లు థెరపిస్టుతో ముందే ఒక సంకేతం అనుకోవాలి. "పాలు పొంగుతున్నాయి" అంటే ఎవరో వచ్చారని అర్థం, సంభాషణ వెంటనే మామూలు కబుర్లలోకి మారిపోవాలి.

కొన్ని వారాలయ్యాక మనవైపు నుంచి ఒక ప్రశ్న వెళ్లాలి: ఇది నాకు పనికొస్తోందని ఎట్లా తెలుస్తుంది? నేను అడిగినప్పుడు మా సైకాలజిస్టు నా నిద్ర డైరీలు తిరగేసి, కునుకు తగ్గినా తెల్లవారుజాము దడ తగ్గలేదని ఒప్పుకుని, దారి మార్చింది. మోకాలి నొప్పికి ఊరంతా డాక్టర్లను మార్చే మనం ఇక్కడ మాత్రం "పాపం మంచామె, ఏమనుకుంటుందో" అని మొహమాటపడి, చెప్పకుండానే ఫోన్ ఎత్తడం మానేస్తాం. మానేయాలనుకుంటే ఆ మాట చెప్పడానికే ఒకసారి కూర్చోవచ్చు. ఎవరి దగ్గరికి పోతే బాగుంటుందో చాలాసార్లు వాళ్లే చెబుతారు.