తలుపు దగ్గర ఆగిపోయిన మనిషి

2017లో 'మహానుభావుడు' థియేటర్లో చూసి బాగానే నవ్వుకున్నాను. మారుతి తీసిన ఆ సినిమాలో శర్వానంద్ వేసిన ఆనంద్ నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఓసీడీ ఉంటుంది. మురికి కనిపిస్తే తుడుస్తాడు, ఎవరైనా తుమ్మితే ఆమడ దూరం పారిపోతాడు. ఆ రాత్రి రూమ్‌కొచ్చి, గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి ఏడుసార్లు లేచాను. ఈ రెండిటికీ సంబంధం ఉందని తట్టనే లేదు. చిందరవందరగా ఉండే నా టేబుల్ చూస్తే ఎవరూ నాకు ఓసీడీ అనరు మరి!

కామెడీగా ఆ సినిమా నడిచింది, కాదనను. శర్వానంద్ టైమింగ్‌కి ఇప్పటికీ నవ్వొస్తుంది. నా పేచీ వేరే. మనం చూసేదంతా ఆనంద్ చేసే పనులే. ఆ పనుల వెనకున్న భయం దాదాపు కనపడదు. అది లేకపోతే ఓసీడీ ఒట్టి అతిశుభ్రంలా మిగులుతుంది.

అసలు జరిగేది ఇదీ. అక్కర్లేని ఆలోచన ఒకటి వచ్చి కూర్చుంటుంది. గ్యాస్ లీకైతే? నా వల్ల ఎవరికైనా ఏమన్నా అయితే? అది అతి అని చాలామందికి తెలుసు. తెలిసినా వదలదు. ఆ భయం తగ్గడానికి వెళ్లి ఓసారి చూసొస్తాం. తగ్గుతుంది. ఐదు నిమిషాలకి మళ్లీ మొదలు. మా భాషలో చెప్పాలంటే, ఎగ్జిట్ కండిషన్ రాయడం మర్చిపోయిన లూప్. డాక్టర్లు చూసేది కూడా ఎంత నీట్‌గా ఉంటామని కాదు. ఇవన్నీ రోజుకి గంటకు పైగా తినేస్తున్నాయా, లేదా బతుకుని, పనిని దెబ్బతీస్తున్నాయా అని.

ఆ భయాన్ని మార్టిన్ స్కోర్సెసీ 'ది ఏవియేటర్' (2004)లో చూశాను. హోవార్డ్ హ్యూస్‌గా లియోనార్డో డికాప్రియో ఓచోట రక్తం వచ్చేదాకా చేతులు రుద్దుకుంటాడు. ఇంకోచోట బాత్రూం తలుపు పిడి ముట్టుకోలేక, బయటినుంచి ఎవరైనా తెరిచేదాకా అక్కడే నిలబడిపోతాడు. విమానాలు నడిపే కోటీశ్వరుడు! ఆ సీన్‌లో నాకు నవ్వు రాలేదు. మా ఇంటి తాళం ముందు నేను నిలబడ్డట్టే ఉంది.

ఆనంద్ చివర్లో ప్రేమ కోసం మట్టిలోకి దిగుతాడు. తమాషా ఏంటంటే, ఈఆర్‌పీ అనే చికిత్స కూడా కాస్త అలాంటిదే. భయపడేదాన్ని ముట్టుకోవాలి, ఆ తర్వాత కడుక్కోకుండా ఆగాలి. కాకపోతే ఒక క్లైమాక్స్‌లో అయిపోదు. థెరపిస్ట్ సాయంతో మెట్టు మెట్టుగా, నెలల తరబడి చేయాలి. కొందరికి మందులూ కావాలి. ప్రేమించే మనుషులు తోడుండగలరు, ఆ పని మాత్రం వాళ్లు చేసిపెట్టలేరు.

నేను డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఆరేళ్లు పట్టింది. అందుకు సినిమాని నిందించను. ఓసీడీ అంటే శుభ్రం అని నమ్మింది నేనే. ఇవాళ పొద్దున తాళం వేసి, మెట్ల మీద రెండు నిమిషాలు ఆగాను. వెనక్కి వెళ్లలేదు. గుండె దడదడలాడుతూనే ఉంది, అలాగే ఆఫీసుకి వెళ్లాను.